కర్ట్ కొబేన్ స్మృతిలో: విరెట్టా పార్కా, విష్కా వంతెనా?

1994 ఏప్రిల్‌లో 27 ఏళ్లకే కన్నుమూసిన, అమెరికన్ రాక్ బృందం నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్‌కు అభిమానులు వెళ్లి నిలబడే సమాధి అంటూ లేదు. అందువల్ల వాషింగ్టన్ రాష్ట్రానికి వెళ్లినవారు సాధారణంగా సియాటిల్‌లో ఆయన చివరి ఇంటి పక్కనున్న విరెట్టా పార్కుకో, ఆయన పుట్టిన అబర్డీన్‌లో విష్కా నదిపై ఉన్న యంగ్ స్ట్రీట్ వంతెనకో వెళతారు.

ఖర్చు: రెండుచోట్లా ప్రవేశ రుసుము లేదు.

శ్రమ: పార్కు నగరంలోనే ఉంది, అబర్డీన్‌కు కారులో దాదాపు రెండు గంటలు పడుతుంది.

ఇబ్బంది: పార్కు పక్కనున్న ఇల్లు ఇతరుల సొంత ఆస్తి, తొంగిచూడటం మర్యాద కాదు. వంతెన దగ్గర ఒడ్డంతా బురద, కాలు జారుతుంది.

కనిపించేది: పార్కులో చెక్క బెంచీలే స్మారకం. వాటిపై పేర్లూ పాటల ముక్కలూ ఒకదానిపై ఒకటి రాసి ఉంటాయి, మధ్యమధ్య ఎవరో ఉంచిన పూలు. వంతెన వద్ద దక్కేది ఆయన బాల్యపు నేల. నిర్వాణా 1996 నాటి లైవ్ ఆల్బమ్ ‘ఫ్రమ్ ద మడ్డీ బ్యాంక్స్ ఆఫ్ ద విష్కా’ పేరులో ఉన్నది ఈ బురద ఒడ్డే. ఆయన వంతెన కింద నివసించాడన్న కథను మాత్రం నమ్మనక్కరలేదు. అక్కడ తిరిగేవాడే గాని, ఆటుపోట్ల వల్ల ఉండటం అసాధ్యమని సహచరుడు క్రిస్ట్ నొవొసెలిక్ చెప్పాడు.

ఏప్రిల్ 5న తోటి అభిమానుల మధ్య గడపాలనుకునేవారికీ, వాషింగ్టన్ సరస్సుకు అవతల బెల్లెవ్యూ నగరంలో ఉండే మన తెలుగు ఉద్యోగులకూ పార్కే అనువు. పాటల్లోని దిగులు ఎక్కడ పుట్టిందో చూడాలనుకుంటే, ఒక రోజు కేటాయించుకొని అబర్డీన్‌కే వెళ్లాలి.