నెక్లెస్ రోడ్డు నుంచి దుండిగల్ దాకా: విమానాల పిచ్చోళ్లకు హైదరాబాద్

హుస్సేన్ సాగర్ మీద మన వాయుసేన సూర్యకిరణ్ జట్టు విమాన విన్యాసాలు ఉన్నాయంటే జనమంతా ట్యాంక్‌బండ్ మీదికే పరుగెడతారు. మీరు మాత్రం అటు వెళ్లకండి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికల్లా సూర్యుడు పడమరకు బాగా వాలిపోయి ఉంటాడు. ట్యాంక్‌బండ్ మీద నిలబడితే సాగర్ కూడా పడమరగానే ఉంటుంది కాబట్టి ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, విమానాలు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. అదే ఎదురుగా నెక్లెస్ రోడ్డు వైపు నిలబడితే వెలుగు మన వెనక నుంచి వస్తుంది. ఆ జట్టు నడిపే హాక్ జెట్ విమానాల ఎరుపు, తెలుపు రంగులు తేటగా తెలుస్తాయి. 2024 డిసెంబరు 8న రాష్ట్ర ప్రభుత్వం ఏడాది ఉత్సవాల్లో భాగంగా ఈ షో పెట్టినప్పుడు నేనూ మా మేనల్లుడూ విజయవాడ నుంచి దానికోసమే వచ్చాం. ఖైరతాబాద్ మెట్రోలో దిగి నడుచుకుంటూ వెళ్లాం. కారులో వచ్చినవాళ్లు ట్రాఫిక్ ఆంక్షల్లో ఎక్కడెక్కడో ఆగిపోయారు. రెండు గంటల ముందే చేరుకుంటే నిలబడటానికి మంచి చోటు దొరుకుతుంది. కూర్చోవడానికి దొరకదు, ఆశ పెట్టుకోవద్దు.

తొమ్మిది హాక్‌లు ఒకదాని రెక్క పక్కన ఇంకొకటి, మధ్యలో కొద్ది మీటర్లే ఖాళీ పెట్టుకుని నీళ్ల మీదుగా వచ్చినప్పుడు పక్కనున్న పెద్దాయన పైకి చూస్తూ దండం పెట్టేశారు. వెనక వచ్చే తెల్ల పొగ వేడి ఇంజిన్ గాలిలోకి డీజిల్ చిమ్మితే పుట్టేదే. అయితే నా మనసు మాత్రం పాత కిరణ్ దగ్గరే ఉండిపోయింది. 1996లో ఈ జట్టు మొదలైంది హెచ్‌ఏఎల్ తయారుచేసిన కిరణ్ మార్క్-2 తోనే. అందులో ఉన్నది ఆర్ఫియస్ ఇంజిన్, మన నాట్ ఫైటర్‌ను నడిపింది కూడా అదే. దాని అరుపు కాస్త మొరటుగా ఉండేది, కడుపులో తగిలేది. శిక్షణకు విమానాలు చాలక 2011లో జట్టును ఆపేశారు, తర్వాత 2015లో హాక్‌లతో మళ్లీ మొదలుపెట్టారు. హాక్ చాలా నాజూకు. "మావయ్యా, నీకు పాతదైతే చాలు, అన్నీ గొప్పే" అన్నాడు మావాడు. కాదనలేను.

ఈ జట్టు ఉండేది బీదర్‌లో. పోలీసు చర్యకు ముందు 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట నిజాంకు ఆయుధాలు తెచ్చి దించింది బీదర్, వరంగల్ వైపే. లాంకాస్ట్రియన్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద బాంబులు వేసిన లాంకాస్టర్‌నే ప్రయాణాలకు అనుగుణంగా మార్చినది. అలాంటి విమానం ఇప్పుడు కనబడితే పిచ్చోళ్లం ఎంత దూరమైనా పోతాం, ఆ రోజుల్లో అది మన ఊళ్లకే చీకట్లో వచ్చి వాలేది.

ఇక బేగంపేట. అక్కడి పాత విమానాశ్రయంలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనకు 2024 జనవరిలో వెళ్లాను. నిజాయితీగా చెప్తున్నా, పాత యుద్ధ విమానాల కోసమైతే వెళ్లొద్దు. అది వ్యాపారుల సంత. బోయింగ్ 777-9, ఎయిర్ ఇండియా కొత్త ఎ350 చూసి నోళ్లు తెరుచుకున్నవాళ్లే ఎక్కువ. నాకు కిక్ ఇచ్చింది వాయుసేన సారంగ్ విన్యాసాల జట్టు ధ్రువ్ హెలికాప్టర్లు. ఒంటినిండా నెమలి బొమ్మలతో ఒకదానికొకటి ఎదురెదురుగా దూసుకొచ్చి ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంటాయి. ఫోటోలు తీసేవాళ్లకు చిన్న సలహా: షట్టర్ స్పీడ్ సెకనులో రెండువందలవ వంతు (1/200) దగ్గర పెట్టండి. అంతకంటే వేగంగా తీస్తే రెక్కలు కదలక, హెలికాప్టర్‌ను దారం కట్టి వేలాడదీసినట్టు ఉంటుంది. ప్రొపెల్లర్ విమానాలకూ ఇదే లెక్క. జెట్లకు వెయ్యో వంతు పెట్టినా ఫర్వాలేదు.

సౌకర్యాల మాటకొస్తే మైదానంలో నీడ తక్కువ, తిండి స్టాళ్లలో రేట్లు చేదు. టోపీ మర్చిపోవద్దు. మెట్రోకు మాత్రం మంచి మార్కులు వేయాలి, రసూల్‌పురా స్టేషన్‌లో దిగితే చాలు. అక్కడి నుంచి చుట్టూ చూస్తే ఇళ్లు ఎంత ఇరుగ్గా ఉన్నాయో తెలుస్తుంది. 2010 మార్చి 3న ఇదే షోలో నౌకాదళం సాగర్ పవన్ జట్టు కిరణ్ ఒకటి బోయిన్‌పల్లిలో ఇళ్ల మీద కూలింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. ఊరి మధ్యలో విన్యాసాలు తగ్గించాలని ఎవరైనా అంటే నేను వాదించను.

నా బాధంతా వేరు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్ వెళ్లిపోయాక బేగంపేటలో బోలెడంత చోటు మిగిలింది. పాత విమానం మాత్రం ఒక్కటీ జనానికి కనబడేలా పెట్టలేదు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలు (ఆనాటి ప్రొపెల్లర్ విమానాలు) ఎగిరింది ఇక్కడి నుంచే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 110వ స్క్వాడ్రన్ డీహెచ్-9ఎ బాంబర్లు నిజాం కానుక. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. వాటిలో ఒకటి 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్ చేరి, చివరకు పోలండ్‌లో తేలింది. 1977లో బ్రిటిష్ వాళ్లు దాని కోసం రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన తమ ఫైటర్ స్పిట్‌ఫైర్ ఒకటి ఇచ్చి మరీ వెనక్కి తెచ్చుకున్నారు. స్పిట్‌ఫైర్ ఇచ్చి! రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకూ హైదరాబాద్ పేరే. 152 చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. మావాడు ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ చిన్న నమూనా ఒకటి తయారుచేసి, పక్కన ఆ స్క్వాడ్రన్ గుర్తు 'యూఎం' అక్షరాలు చేత్తోనే రాశాడు. హైదరాబాద్‌కున్న ఈ చరిత్ర చూపించాలంటే వాడి గదిలోని ఆ అరచేతంత బొమ్మనే చూపించాలి.

అసలుది దొరకదు కదా అంటారు. అక్కర్లేదు. బికనీర్ కోటలో ఏనుగుల కొట్టంలో పడి ఉన్న డీహెచ్-9 అవశేషాలను బ్రిటన్ తీసుకెళ్లి, చెక్క భాగాలు చాలావరకు కొత్తగా చేసి, 2019లో డక్స్‌ఫర్డ్‌లో ఎగరేశారు. అంత ఖర్చు మనకు వద్దు. నేల మీద నిలబెట్టడానికి ఒక పూర్తి సైజు నమూనా, దాని మీద నిజాం కానుక అన్న రాత ఉంటే చాలు. బేగంపేట పాత టెర్మినల్ ముందు ఎంత బాగుంటుంది! డకోటా ఎగరడం చూడాలంటే మాత్రం ఢిల్లీ దగ్గర హిండన్ పోవాలి. 2018లో బ్రిటన్ నుంచి ఎగిరొచ్చిన 'పరశురామ' అక్కడుంది.

హైదరాబాద్‌లో ఉచితంగా, దాదాపు రోజూ విమానాలు చూడాలంటే దుండిగల్ మేలు. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ లోపలికి పోలేం, పాసింగ్ అవుట్ పరేడ్‌కు ఆహ్వానం ఉండాలి. కానీ గండిమైసమ్మ వైపు రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర కూర్చుంటే పొద్దున్నే పిలాటస్ శిక్షణ విమానాలు చక్కర్లు కొడుతుంటాయి. ప్రహరీ వైపు కెమెరా తిప్పకండి, అది రక్షణ శాఖ స్థలం. క్యాబ్ వాళ్లు అక్కడికి వస్తారు, తిరిగి రావడానికే ఇబ్బంది. మేము బుక్ చేసిన బండి రెండుసార్లు రద్దయింది, చివరకు షేర్ ఆటోలో, తర్వాత బస్సులో బయటపడ్డాం.

బస విషయంలో సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే సుఖం. మేము దిగిన లాడ్జిలో గది శుభ్రమే గానీ వేడినీళ్లు పొద్దున ఏడు దాటితే రావు, అడిగితే "ఇప్పుడే వస్తాయి సార్" అనే మాట మాత్రం ఎప్పుడూ సిద్ధం. బేగంపేట పక్కన హోటళ్లు బాగుంటాయి, షో రోజుల్లో రేట్లు మాత్రం ఆకాశంలోనే. రైల్వే స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో ఇరానీ చాయ్, బన్ మస్కా అయితే ఏ రోజూ నిరాశపరచలేదు. మెట్రో అక్కడే ఉంది కాబట్టి బేగంపేటకూ, అమీర్‌పేటలో మారి ఖైరతాబాద్‌కూ తేలిగ్గా పోవచ్చు. దుండిగల్ ఒక్కదానికే పూట మొత్తం కేటాయించుకుని, విన్యాసాలున్న రోజు పెట్టుకోకుండా వేరే రోజు వెళ్లండి.