పద్మిని కారు ముందు సస్పెన్షన్: ఇంటి దగ్గర మార్చి నాలుగున్నరేళ్లు నడిపాక

మా నాన్నగారు 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతున్న బండే. కోనసీమలో అంబాజీపేట పక్కన మా ఊరు. అక్కడి నుంచి అమలాపురం, రావులపాలెం, నెలకోసారి రాజమండ్రి వెళ్లొస్తుంటాను. 2021లో సంక్రాంతి వెళ్లాక, నేల బాగా ఆరిన రోజుల్లో, దీని ముందు సస్పెన్షన్ మొత్తం మా వసారా ముందు విప్పి అరిగిన సామాను మార్చాను. అప్పటి నుంచి 24 వేల కిలోమీటర్లు తిరిగింది. మధ్యలో 2022 జులై వరద కూడా చూసింది. కొత్త సామాను బిగించిన వారానికి ఏ బండైనా బాగానే ఉంటుంది కాబట్టి ఇంతకాలం ఆగి రాస్తున్నాను.

ముందు బండి ఎలా ఉండేదో చెప్పాలి. యాభై దాటితే స్టీరింగ్ వణికేది. ఎడమవైపు టైరు లోపలి అంచు గుండు గీసినట్టు అరిగిపోయేది. మా వైపు కాలవ గట్టు రోడ్లు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గట్టు కాలవ వైపుకి కుంగుతుంది, ధాన్యం లారీలు తిరిగి రోడ్డు అలలు అలలుగా లేస్తుంది. బండి ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే నడవాలి. ఒక మెకానిక్ స్టీరింగ్ బాక్సే మార్చాలన్నాడు. సరేనని డబ్బు సర్దుకుంటుండగా ఇంకొకాయన ఒక చిన్న పరీక్ష నేర్పాడు. దాంతో పెద్ద ఖర్చు తప్పింది.

ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట, అంటే వదులు, కనిపిస్తే లోపల కూర్చున్నవాళ్లని బ్రేకు గట్టిగా తొక్కమనాలి. బ్రేకు తొక్కగానే ఆట పోతే తప్పు వీల్ బేరింగులో ఉంది. తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్నో (చక్రం పక్కలకి తిరగడానికి ఆధారమైన ఇనుప కడ్డీ), చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఆర్ముల బుష్షులో అరిగాయి. అదే చక్రాన్ని కుడిఎడమలు పట్టుకుని ఊపితే ఆట వస్తుంటే ముందు టై రాడ్ ఎండ్లు, అంటే స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కీళ్లు, చూడాలి. మా మేనల్లుడు బ్రేకు తొక్కి, "మావయ్యా, ఇంకా ఊగుతుందా?" అని అడిగాడు. ఊగింది. స్టీరింగ్ బాక్సుకి ఏ పాపమూ తెలియదు.

పద్మిని పాత ఫియట్ 1100 వంశం. అందుకే ఇప్పటికీ సామాను షాపుల్లో "ఫియట్‌కా?" అనే అడుగుతారు. ముందు పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్, కాయిల్ స్ప్రింగు, షాక్ అబ్జార్బర్, చక్రం తిరగడానికి కింగ్ పిన్ను. ఇప్పటి కార్లలో బాల్ జాయింటు చేసే పనిని ఇందులో కింగ్ పిన్ను, రెండు ఇత్తడి బుష్షులు చేస్తాయి. వాటికి గ్రీజే ప్రాణం. బండ్ల తయారీ ఆగి పాతికేళ్లు అవుతున్నా సామాను దొరుకుతూనే ఉంది. నాకు కావాల్సినవి విజయవాడ ఆటోనగర్‌లో రెండుపూటలు తిరిగితే దొరికాయి. కింగ్ పిన్ను సెట్టు రెండు వైపులకీ, పై కింది ఆర్ములకు రబ్బరు బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, టై రాడ్ ఎండ్లు, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బారుకి పీయూ (పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్) బుష్షులు తెచ్చాను. స్ప్రింగులు పాతవే ఉంచాను, ఎత్తు రెండు వైపులా సమానంగా ఉంది కాబట్టి.

ఇంటి దగ్గర చేసేవాళ్లకి మా నేల గురించి ఒక మాట. మాది ఒండ్రు నేల. పైకి గట్టిగా కనిపించినా జాకీ కింద మెల్లగా దిగిపోతుంది. సిమెంటు గచ్చు లేకపోతే జాకీ కిందా స్టాండ్ల కిందా రెండంగుళాల మందం ఉన్న తాటి చెక్కలు పరవాలి. ఇటుకల మీద బండి నిలబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఇటుక పగిలేటప్పుడు ముందుగా చెప్పదు. ఊడదీసిన చక్రాలను కూడా బండి కింద పక్కలకి పడుకోబెట్టాను, స్టాండు జారినా బండి నేలదాకా రాకుండా. కొబ్బరి చెట్టు నీడలో పని పెట్టుకోవద్దు. కింద పడుకున్న మనిషి మీద కాయ పడితే ఏమవుతుందో మా ఊళ్లో చూశాం.

స్ప్రింగు తీయడమే అన్నిటికన్నా భయపడాల్సిన పని. బండి పైకి లేచినా స్ప్రింగు ఇంకా అణిగే ఉంటుంది. కింది ఆర్మ్ బోల్టు విప్పేస్తే అదంతా ఒక్కసారి విరుచుకుపడుతుంది. రాజమండ్రిలో స్ప్రింగుని అణిచి పట్టే కంప్రెసర్ అద్దెకి తెచ్చుకున్నాను. అది బిగించి, పైగా స్ప్రింగు మధ్యలోంచి ఇనుప గొలుసు దూర్చి బండి కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబరుకి కట్టాను. పిల్లల్ని పెరట్లోకి పంపించేశాం. ఈ పనిముట్టు దొరక్కపోతే, ఎంత అనుభవం ఉన్నా, స్ప్రింగు జోలికి వెళ్లొద్దనే నా మాట.

ఆర్ములు విప్పేటప్పుడు బోల్టుల దగ్గర పలుచటి ఇనుప బిళ్లలు, షిమ్ములు వచ్చాయి. చక్రం ఒరుగు సరిచేయడానికి పెట్టేవి అవి. ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో కాగితం మీద బొమ్మ గీసి, ఒక్కో దాన్ని ఒక్కో సీసా మూతలో పెట్టుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ కారు పుస్తకంలో ఉంది. సముద్రం గాలికి బోల్టులు తుప్పుపట్టి మరలకి అతుక్కుపోయాయి. వారం ముందు నుంచే రోజూ సాయంత్రం డీజిల్లో ఇంజినాయిల్ కలిపి పోస్తూ వచ్చాను. అయినా రెండు బోల్టులు కోసేయాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం కింగ్ పిన్ను దగ్గర బయటపడింది. ఎడమవైపు పిన్ను కొట్టి తీస్తే కింది సగం నల్లటి గ్రీజుతో మెరుస్తోంది, పై సగం ఎర్రగా తుప్పు. గ్రీజు ఎక్కించే ముక్కు, నిప్పిల్‌కి ఇన్నేళ్లు గ్రీజు గన్ను పెట్టినవాడిని నేనే, మరి పైకి ఎందుకు వెళ్లలేదు? బుష్షు తీసి వెలుతురులో చూస్తే తెలిసింది. ఎప్పుడో బుష్షులు మార్చినప్పుడు, పై బుష్షుకి ఉన్న రంధ్రం నిప్పిల్ రంధ్రానికి ఎదురుగా రాకుండా పక్కకి తిప్పి దింపేశారు. నేను కొట్టిన గ్రీజు గోడకి తగిలి ఆగిపోయింది. పదేళ్లు ఆ పిన్ను పై సగం పొడిగానే తిరిగింది. నాకు ఆ క్షణంలో చాలా బాధేసింది. బండికి మేత వేస్తున్నాననుకున్నాను గానీ, అది దాని నోటిదాకా చేరనేలేదు.

కొత్త బుష్షులు నేను ఇంట్లో దింపలేదు. రావులపాలెంలో ఒక లేత్ షాపు మేస్త్రీ గారి దగ్గరికి తీసుకెళ్లాను. బుష్షు దింపాక రీమర్ అనే కోత పనిముట్టుతో లోపల పాలిష్ తీయాలి, పైదీ కిందదీ ఒకే వరసలో ఉండాలి. చేతి రీమర్‌తో ఒక్కో బుష్షునీ విడిగా తీస్తే వరస తప్పుతుంది. ఆయన పని ముగించి పిన్ను నా చేతికిచ్చి, "మీరే వేసి చూడండి, ఆయ్. బొటనవేలితో నొక్కితే దిగాలి, వదిలేస్తే జారకూడదు" అన్నారు. సరిగ్గా అలాగే దిగింది. బిగించే ముందు ఇంట్లో ఇంకో పరీక్ష చేశాం. పిన్ను లేకుండా నిప్పిల్‌కి గన్ను పెట్టి, రెండు బుష్షుల లోపలికీ గ్రీజు వస్తుందో లేదో కళ్లారా చూశాం. ఈ పని చేసే ప్రతివాళ్లూ ఈ ఒక్కటీ మర్చిపోకూడదు.

నేను చేసిన ఒక తప్పు కూడా రాయాలి. ఎడమవైపు పై ఆర్మ్ రబ్బరు బుష్షు బోల్టుని చక్రం గాలిలో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేశాను. రబ్బరు బుష్షు తిరగదు, మెలితిరుగుతుంది. గాలిలో బిగిస్తే బండి నేలకి దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. నాలుగు నెలలకే చిరిగిపోయింది. మిగతావన్నీ బండి చక్రాల మీద నిలబడ్డాక, ముందు సీట్లో ఇద్దర్ని కూర్చోబెట్టి బిగించాను. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. చిరిగినదాన్ని మళ్లీ కొత్తది వేసి సరిగ్గా బిగించాక అదీ నిలిచింది.

చక్రాల ముందు వంపు ఇంట్లో వలకి వాడే నైలాను తాడు లాగి సుమారుగా సరిచేసి, మర్నాడు అమలాపురంలో అలైన్‌మెంట్ చేయించాను.

ఇప్పుడు ఒక్కో సామాను సంగతి. కింగ్ పిన్నులు, ఇత్తడి బుష్షులు: పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేశాయి. మొన్న దసరాకి మళ్లీ చక్రం లేపి ఊపితే ఆట లేదు. వణుకు పూర్తిగా పోయింది. టైర్లు అంచులు అరగకుండా సమంగా అరుగుతున్నాయి. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించేది ఇదే, ఎందుకంటే ఈ బండికి టైర్లు వెతకడం తేలికైన పని కాదు.

రబ్బరు ఆర్మ్ బుష్షులు మెత్తగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. స్టెబిలైజర్ బారుకి వేసిన పీయూ బుష్షులు మాత్రం నన్ను మెప్పించలేదు. గట్టివని, ఎక్కువ కాలం వస్తాయని అమ్మారు. అరగలేదు, నిజమే. కానీ వానాకాలం దాటాక మొదటి ఎండల్లో పాత తలుపు తీసినట్టు కిర్రుమంటాయి. సిలికాన్ గ్రీజు రాస్తే రెండు నెలలు ఊరుకుని మళ్లీ మొదలు. గట్టు రోడ్డు మీది ప్రతి గతుకునీ స్టీరింగ్‌కి మోసుకొస్తాయి. వాటిని తీసేసి మామూలు రబ్బరువే వేసుకున్నాను. ఈ బండి పరుగు పందేలకి కాదు, మన రోడ్లకి మెత్తదనమే కావాలి.

టై రాడ్ ఎండ్లు కూడా నిరాశపరిచాయి. లోపలి గోళీ బాగానే ఉంది గానీ పైన రబ్బరు టోపీలు ఏడాదిన్నరకే పగుళ్లు తీశాయి. టోపీ పగిలితే నీళ్లు, ఇసుక లోపలికి వెళ్లి గోళీని తినేస్తాయి. కొనేటప్పుడు రబ్బరుని వేళ్లతో మడిచి చూడండి, తెల్లగా గీతలు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. రెండోసారి అలా ఏరి తెచ్చినవి మూడేళ్లుగా బాగున్నాయి.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజుల్లో, పి.గన్నవరం వైపు ఉన్న మా మేనత్త గారిని ఇంటికి తీసుకురావడానికి ఈ బండే తీశాను. ఒకచోట నీళ్లు చక్రం సగానికి వచ్చాయి. మెల్లగా దాటి, బ్రేకుల్ని కొంతదూరం తేలిగ్గా నొక్కి ఆరబెట్టుకుంటూ వచ్చాం. నాలుగు రోజుల తర్వాత గ్రీజు గన్ను పట్టుకుంటే, బుష్షుల అంచుల్లోంచి మొదట పాలలా తెల్లగా గ్రీజు వచ్చింది. నీళ్లు కలిసిన గ్రీజు అది. శుభ్రమైన గ్రీజు వచ్చేదాకా కొట్టాను. ఆ రోజు అలా చేయకపోయి ఉంటే ఈ పిన్నులు కూడా పాతదాని దారే పట్టేవి. అప్పటి నుంచి కింగ్ పిన్నులకి నీళ్లకి తేలిగ్గా కొట్టుకుపోని కాల్షియం గ్రీజు వాడుతున్నాను. వేడెక్కే వీల్ బేరింగులకి మాత్రం లిథియం గ్రీజే. మామూలు రోజుల్లో వెయ్యి కిలోమీటర్లకోసారి, వానాకాలంలో నెలకోసారి, నీళ్లలో దిగితే ఆ వారంలోనే గన్ను పెడతాను.

షాక్ అబ్జార్బర్లలో కుడివైపుది ఈ వేసవిలో ఆయిలు కారడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు పనిచేసింది కాబట్టి తప్పు పట్టను. ఒకవైపుది మారిస్తే రెండోదీ మార్చాలని జత తెప్పించి వసారాలో పెట్టాను. కార్తీకంలో వానలు తగ్గి నేల గట్టిపడగానే తాటి చెక్కలు మళ్లీ బయటికి తీస్తాం. ఈసారి స్ప్రింగు వైపు పనంతా మేనల్లుడే చేస్తానన్నాడు, గొలుసు కట్టేది మాత్రం నేనే.