సొంత సిబ్బందా, ఏజెన్సీ కాపలానా, పొరుగు పరిశ్రమల ఒప్పందమా: ఏది మేలు?

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో మధ్యతరహా పరిశ్రమ నడిపే యాజమాన్యం భద్రత గురించి కూర్చుని మాట్లాడుకునేది చాలావరకు ఏజెన్సీ కాంట్రాక్టు గడువు ముగిసేటప్పుడే. అప్పుడు కూడా మాట గార్డుకు నెలకెంత అన్నదాని చుట్టూ తిరిగి, అందరికన్నా తక్కువ రేటు రాసిన కొటేషన్ మీద సంతకంతో ముగుస్తుంది. నిజానికి అక్కడ తేల్చుకోవలసినవి రెండు వేర్వేరు విషయాలు: రోజూ గేటు దగ్గర జరిగే కాపలా ఎవరి చేతిలో ఉండాలి, ఎప్పుడో ఒకనాడు వచ్చిపడే ప్రమాదంలో మొదటి పది నిమిషాలు ఎవరు నడపాలి. రెండింటికీ ఒకే ఏర్పాటు సరిపోతుందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతున్నదని నా అభిప్రాయం.

మన ముందున్న దారులు మూడు. భద్రతా సిబ్బందిని సొంత జీతగాళ్లుగా పెట్టుకోవడం మొదటిది, లైసెన్సు ఉన్న ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించడం రెండవది, దగ్గరలోని పరిశ్రమలతో పరస్పర సహాయ ఒప్పందం చేసుకోవడం మూడవది. ప్రభుత్వ బలగాలను డబ్బు కట్టి పిలిపించుకునే వీలు కూడా లేకపోలేదు. 2009లో చట్టాన్ని సవరించిన తరువాత కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) ప్రైవేటు సంస్థలకూ కాపలా కాస్తోంది. మన రాష్ట్రానికి 1991 నుంచీ ప్రత్యేక రక్షణ దళం ఉంది. అయితే ఆ ఖర్చూ ఆ నియమాలూ కీలకమైన పెద్ద సంస్థలకు తగినవే గాని, బేతంచెర్ల పాలిషింగ్ యూనిట్‌కో రాయదుర్గం జీన్స్ కుట్టే షెడ్డుకో పనికివచ్చేవి కావు కనుక వాటిని ఇక్కడ పక్కన పెడుతున్నాను.

ముందు ఖర్చు సంగతి. ఒక గేటు దగ్గర ఒక మనిషి పగలూ రాత్రీ ఉండాలంటే వారానికి 168 గంటలు. చట్టప్రకారం ఒక మనిషి చేయగలిగిన మామూలు పని వారానికి 48 గంటలు. అంటే ఒక్క స్థానానికి మూడున్నర మంది, సెలవులూ జబ్బులూ కలుపుకుంటే నలుగురు కావాలి. సొంత సిబ్బంది ఖరీదుగా కనిపించేది ఇక్కడే, ఎందుకంటే ఆ నలుగురి జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, బోనసు యాజమాన్యం పుస్తకాల్లోనే కనబడతాయి. ఏజెన్సీ కొటేషన్ చవగ్గా కనిపించడానికి ఎక్కువ సందర్భాల్లో ఉన్న కారణం మాత్రం సామర్థ్యం కాదు; అదే స్థానాన్ని పన్నెండు గంటల షిఫ్టులతో ఇద్దరితో నెట్టుకురావడం. తెల్లవారుజామున నాలుగింటికి అటువంటి షిఫ్టులో పదో గంట గడుపుతున్న మనిషి ఎంత మెలకువగా ఉంటాడో వేరే చెప్పనక్కరలేదు. పైగా ఏజెన్సీ జీతాలు ఎగ్గొడితే ఆ భారం అసలు యాజమాన్యం మీదే పడుతుందని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్ కూడా అదే చెబుతోంది. కనుక చవక కొటేషన్‌లో మిగిలిన డబ్బంతా నిజంగా మిగిలినట్టు కాదు.

ఏజెన్సీలను అదుపు చేసే చట్టం 2005లో వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు కనీసం 160 గంటల శిక్షణ ఉండాలి. అందులో వంద గంటలు తరగతి గదిలో, అరవై గంటలు క్షేత్రంలో. మాజీ సైనికులకు ఈ గంటలు తక్కువ. అగ్నిమాపకం, జనాన్ని అదుపు చేయడం, ప్రథమ చికిత్స ఆ పాఠాల్లో భాగమే. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. కొటేషన్ తీసుకునేటప్పుడు లైసెన్సు నకలుతో పాటు, మన గేటుకు రాబోయే మనుషుల శిక్షణ ధ్రువపత్రాలను పేరుపేరునా అడిగితే, ఏ ఏజెన్సీ ఎంత నిజమో ఆ ఒక్క ప్రశ్నతోనే చాలావరకు బయటపడుతుంది.

ఇంత చెప్పినా, దొంగతనాల విషయంలో నా ఓటు ఏజెన్సీకే. సిమెంటు, నాపరాయి, ఇనుము వ్యాపారాల్లో నష్టం గోడ దూకి వచ్చే దొంగవల్ల కన్నా కాటా దగ్గర ఎక్కువగా జరుగుతుంది. ఖాళీ లారీ బరువును ఎక్కువ చేసి రాయడం, ఒకే గేటు పాస్ మీద రెండు ట్రిప్పులు పంపడం, స్క్రాప్ కింద రాగి తీగ దాటించడం ఇవన్నీ డ్రైవరుకూ కాటా మనిషికీ పరిచయం పాతబడిన కొద్దీ పెరిగేవే. సొంత జీతగాడు పదేళ్లు ఒకే కుర్చీలో కూర్చుంటాడు. అతన్ని కదిపితే సంఘం అడుగుతుంది, ఊరి పెద్దమనిషి ఫోను చేస్తాడు. ఏజెన్సీ మనిషిని మూడు నెలలకోసారి వేరే చోటికి మార్చమని ఒప్పందంలో రాసుకోవచ్చు, ఎవరికీ కష్టం తోచదు. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర పార్కు దాదాపు ఆరు వేల ఎకరాల్లో పరచుకుని ఉంది. అటువంటి చోట కేబుల్ దొంగతనాలకూ ఎండాకాలంలో గడ్డి అంటుకోవడానికీ కావలసింది గస్తీ తిరిగే కాళ్లూ, చుట్టుపక్కల ఊళ్ల దారులు తెలిసిన కళ్లూ. స్థానిక యువకులను పెట్టుకుంటే తెలిసినవాళ్లు కనుక మొహమాటపడతారన్న వాదన ఉంది. అందులో కొంత నిజం ఉన్నా, పగలు గస్తీకి స్థానికులను, గేటుకూ స్టోరుకూ బయటి ఊళ్లవాళ్లను పెడితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

గ్యాసు లీకైతే ఈ తూకం పూర్తిగా తిరగబడుతుంది. 2018 జులై 12న తాడిపత్రి దగ్గరి ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరుగురు కార్మికులు చనిపోయారు. 2020 జూన్ 27న నంద్యాలలో ఒక పరిశ్రమలో అమ్మోనియా లీకై ఒకరు ప్రాణం కోల్పోయారు. ఈ రెండు వాయువుల స్వభావాలు పూర్తిగా వేరు, ఏజెన్సీ గార్డు రెండింటి ముందూ నిస్సహాయుడు కావడానికి కారణాలూ వేరు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనిషి కుప్పకూలేదాకా తెలియదు. పడిపోయినవాణ్ణి లాగడానికి పరుగెత్తినవాడు పక్కనే పడిపోవడం ఇటువంటి ప్రమాదాలన్నింటిలోనూ కనిపించే విషాదం. అక్కడ కావలసింది ధైర్యం కన్నా ముందు జేబుకు తగిలించుకునే గ్యాసు డిటెక్టరూ, వీపున సిలిండరు కట్టుకునే శ్వాస పరికరమూ, దాన్ని నిమిషంలోగా తొడుక్కునే అలవాటూ. అమ్మోనియా అలా కాదు, ముక్కుకు ముందే హెచ్చరిక ఇస్తుంది. అది గాలికన్నా తేలికే అయినా, ఒత్తిడితో చల్లగా బయటికి చిమ్మినప్పుడు పొగమంచులా నేలనంటుకుని పాకుతుంది. నీటి తుంపరతో ఆవిరిని అణచవచ్చు. నేల మీద మడుగు కట్టిన ద్రవ అమ్మోనియా మీద నేరుగా నీళ్లు కొడితే మాత్రం అది మరింత మరిగి ఇంకా ఎక్కువ ఆవిరి లేస్తుంది. ఏ వాల్వు ఎటు తిప్పాలో, ఏ పంపు ఆపితే లీకు ఆగుతుందో నిన్నగాక మొన్న ఈ గేటుకు వచ్చిన మనిషికి తెలిసే అవకాశం లేదు.

గాలి సంగతి కూడా ఇందులో భాగమే. చాలా పరిశ్రమల్లో, ప్రమాదమప్పుడు అందరూ చేరవలసిన చోటును చూపే అసెంబ్లీ పాయింట్ అన్న ఆకుపచ్చ బోర్డు మెయిన్ గేటు పక్కనే ఉంటుంది, ఖాళీ స్థలం అక్కడే ఉంటుంది కనుక. అనంతపురం ప్రాంతంలో జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎంత బలంగా వీస్తుందో రామగిరి కొండల మీది గాలిమరలే చెబుతాయి. ట్యాంకు పడమట, గేటు తూర్పున ఉన్న ఆవరణలో ఆ మూడు నెలలూ అందరినీ గేటు దగ్గరికి పరుగెత్తించడమంటే వాయువుకు ఎదురు నిలబెట్టడమే. కనీసం రెండు దిక్కుల్లో రెండు చోట్లు గుర్తించి, గాలి దిక్కు చూపే గాలిసంచి చూసి ఎటు పోవాలో షిఫ్టు ఇన్‌చార్జి మైకులో చెప్పాలి. ఆ అధికారం అతనికి రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. మేనేజరుకు ఫోను కలిసేదాకా సైరన్ నొక్కకూడదన్న అలిఖిత నియమం మన ప్రాంతంలో ఎన్నో చోట్ల ఉంది. ఉత్పత్తి ఆగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయమే దానికి మూలం. ఆ భయాన్ని తీసేయగలిగింది యాజమాన్యమే, ఏ ఏజెన్సీకీ అది సాధ్యం కాదు.

పేలుడు పదార్థాలకూ ఇదే వర్తిస్తుంది. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె గనిలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలుడు జరిగి పదిమంది మరణించారు. పేలుడు పదార్థాలు నిల్వచేసే గది (మ్యాగజైన్) తలుపు దగ్గర కాపలాకు ఏజెన్సీ మనిషిని పెట్టవచ్చు. దించే పని ఎప్పుడు, ఎక్కడ, ఎంతమందితో జరగాలన్న నిర్ణయం మాత్రం అర్హత ఉన్న సొంత అధికారి చేతులు దాటకూడదు.

మూడవ దారి మన దగ్గర దాదాపుగా ఎవరూ పట్టించుకోనిది, నాకు అన్నింటికన్నా ఆశ కలిగించేది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టూ సిమెంటు కర్మాగారాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. తాడిపత్రిలో ఉక్కు, సిమెంటు, నాపరాయి ఒకే పరిధిలో ఉన్నాయి. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పదో బెటాలియన్ ఉండేది విజయవాడ దగ్గరి కొండపావులూరులో. అక్కడి నుంచి కర్నూలుకైనా కడపకైనా మూడు వందల కిలోమీటర్లకు పైనే. వాళ్లు వచ్చేలోగా ఏం జరగాలో అది అయిపోతుంది. పక్క కర్మాగారంలో ఉన్న ఫైర్ ఇంజన్, మంటలార్పే నురుగు (ఫోమ్) డ్రమ్ములు, శ్వాస పరికరాలు, అంబులెన్సు పావుగంటలో రాగలవు. మహారాష్ట్రలోని ఠాణే-బేలాపూర్ పారిశ్రామిక ప్రాంతంలో ఇటువంటి పరస్పర సహాయ బృందం ఉంది. ఖర్చు స్వల్పం: ఎవరి దగ్గర ఏముందో తెలిపే జాబితా, రాత్రిపూట కూడా ఎత్తే ఫోను నంబర్లు, అందరి గొట్టాలనూ మంటలార్పే నీటి కుళాయిలకు (హైడ్రెంట్లకు) బిగించే కప్లింగులు, ఏడాదికి రెండు ఉమ్మడి డ్రిల్లులు. చిక్కు వచ్చేది వేరే చోట. మన మనిషి పొరుగు ఆవరణలో గాయపడితే పరిహారం ఎవరిది, వాడిన ఫోమ్ డబ్బు ఎవరు కట్టాలి అన్నవి ముందే రాసుకోకపోతే, ఒప్పందం మొదటి ప్రమాదంతోనే చెడిపోతుంది. వ్యాపారంలో పోటీ ఉన్నవాళ్లు ఒకరి ఆవరణలోకి ఒకరిని రానివ్వడానికి జంకడం కూడా సహజమే. జిల్లా ఫ్యాక్టరీల తనిఖీ అధికారి సమక్షంలో ఒప్పందం జరిగితే ఆ జంకు కొంత తగ్గుతుంది.

అయితే వరదలో పొరుగు సహాయం పనిచేయదు, ఎందుకంటే పొరుగువాడూ మునిగే ఉంటాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలును ముంచినప్పుడు ఏ సంస్థ ఏ సంస్థను ఆదుకోగల స్థితిలో ఉంది? 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు ఊళ్లు కొట్టుకుపోయాయి. మొదటిది గాంధీ జయంతి, రెండవది కార్తీక పౌర్ణమి. సెలవు రోజున, పండుగ రోజున ఆఫీసు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, మెయిన్ స్విచ్ ఆపే మనిషి ఎవరు అని చూస్తే, చాలా చోట్ల లోపల మిగిలేది ఏజెన్సీ గార్డు ఒక్కడే. కనుక వరద విషయంలో సిబ్బంది ఎవరి జీతగాళ్లన్న తేడా తగ్గిపోయి, ఆ ఒక్క మనిషికి ఏం అప్పగించాం అన్నది మిగులుతుంది. నదిలో నీటిమట్టం ఎంతకు వస్తే కరెంటు ఆపాలి, సర్వరునూ ముఖ్యమైన దస్తావేజులనూ పై అంతస్తుకు ఎప్పుడు చేర్చాలి, ఎప్పుడు తానే ప్రాణం కాపాడుకుని వెళ్లిపోవాలి అన్నవి గార్డు గదిలో తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. ఇంగ్లీషులో ముద్రించి మేనేజరు బీరువాలో పెట్టిన ప్రణాళిక ఆ రాత్రి ఎవరికీ అక్కరకు రాదు.

కంప్యూటర్ల భద్రతను క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. చిన్న సంస్థ సొంత నిపుణుణ్ణి పెట్టుకోలేదు, బయటి సంస్థకు అప్పగించడమే సరి. కాని సైబర్ దాడి గుర్తించిన ఆరు గంటల్లోగా తనకు తెలియజేయాలని, లాగ్‌లు (కంప్యూటర్లలో నమోదయ్యే కార్యకలాపాల రికార్డులు) 180 రోజులు భద్రపరచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ గడువు సంస్థకే గాని, పని అప్పగించిన వెండరుకు మాత్రమే కాదు.

ఇక తీర్పు. యాభై మందికి లోపు ఉన్న పాలిషింగ్, కుట్టు యూనిట్లకు ఏజెన్సీ గార్డూ, యూనిట్ల సంఘం తరఫున ఉమ్మడి సహాయ ఒప్పందమూ చాలు. ఆ పైన ఉన్న మధ్యతరహా పరిశ్రమలు గేటు, కాటా, గస్తీ ఏజెన్సీకి ఇచ్చి, ప్రతి షిఫ్టులోనూ ఉత్పత్తి విభాగం నుంచే ఐదారుగురిని అత్యవసర బృందంగా తయారుచేసుకోవడం మేలు. వాళ్లకు నెలనెలా చిన్న భత్యం ఇచ్చినా అది నలుగురు కొత్త గార్డుల ఖర్చుకన్నా తక్కువే. వాయువులూ పేలుడు పదార్థాలూ ఉన్నచోట మాత్రం భద్రతాధికారి నుంచి అగ్నిమాపక బృందం దాకా సొంత మనుషులే ఉండాలి. ఇంతకు మునుపు సాధారణంగా వెయ్యిమంది కార్మికులుంటేనే భద్రతాధికారి తప్పనిసరి. కొత్త కోడ్ ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర ప్రక్రియలైతే 250కి దించింది. నిర్ణీత పరిమాణానికి మించి ప్రమాదకర రసాయనాలు ఉంచుకునేవాళ్లు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ జరపాలని 1989 నిబంధనలు ఎప్పుడో చెప్పాయి. ఏ దారి ఎంచుకున్నా ఆ డ్రిల్‌లో ఒకటి రాత్రి షిఫ్టులో, ఏజెన్సీ గార్డులనూ కాంట్రాక్టు కూలీలనూ కలుపుకుని, మేనేజరు ఊళ్లో లేనప్పుడు పెట్టాలి.