పదకొండేళ్లుగా వాడుతున్న ఆరో సంపుటి: డార్విన్ ఉత్తరాలు, 1856–57

చార్లెస్ డార్విన్ ఉత్తరాల సంకలనం మొత్తం 30 సంపుటాలు. మొదటిది 1985లో వచ్చింది. నా దగ్గరున్నది ఒక్క ఆరోది. 1856, 1857 సంవత్సరాల ఉత్తరాలు అందులో ఉంటాయి. పదకొండేళ్ల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో తెప్పించుకున్నాను. అమ్మినాయన కండిషన్ బాగుందన్నాడు. తీరా పార్సిల్ విప్పితే బైండింగ్ ఊడిపోయి ఉంది, చివరి పేజీలు తడిసి అంటుకుపోయాయి. చాలా బాధేసింది. మళ్లీ బైండింగ్ చేయించాను. అప్పట్నుంచి అది ఇంట్లో కన్నా కాలేజీ ల్యాబ్‌లోనే ఎక్కువగా ఉంటోంది.

నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను. మా సిలబస్‌లో బెంథామ్–హుకర్ వర్గీకరణ ఉంది, అంటే జార్జ్ బెంథామ్, జోసెఫ్ హుకర్ అనే ఇద్దరు మొక్కల్ని కుటుంబాలుగా విడదీసిన పద్ధతి. పాలీపెటాలే, గామోపెటాలే, మోనోక్లామిడే అంటూ అందులోని విభాగాల పేర్లు పిల్లలు ఎక్కాల్లా అప్పజెప్తారు. 202 కుటుంబాలు, 1862 నుంచి 1883 దాకా వాళ్లు వేసిన మూడు సంపుటాలు, అన్నీ నోటికొచ్చు. ఆ పట్టిక వెనక ఎంత అనుమానం, ఎంత వాదన ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. నేనూ చెప్పేదాన్ని కాదు, ఈ పుస్తకం చదివేదాకా.

ఇందులో ఎక్కువగా కనిపించే జంట డార్విన్, ఆ జోసెఫ్ హుకరే. హుకర్ అప్పటికి లండన్ దగ్గరి క్యూ వృక్షశాస్త్ర ఉద్యానంలో అసిస్టెంట్ డైరెక్టర్. డార్విన్ కెంట్‌లోని డౌన్ అనే ఊళ్లో ఇంట్లో కూర్చుని అడుగుతూనే ఉంటాడు: ఈ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఎన్ని జాతులు, వాటిలో రకాలు (ఒకే జాతిలో తేడాగా కనిపించే రూపాలు) ఎన్నిటికి ఉన్నాయి, ఫలానా పుస్తకం అరువిస్తావా అని. 1856 డిసెంబర్ 24న రాసిన ఉత్తరం నేను ఏటా క్లాసులో చదువుతాను. జాతి అనే మాటకు ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం ఉందంటాడు అందులో. ఒకరికి పోలికే సర్వస్వం, ఒకరికి వంశం ముఖ్యం, ఇంకొకరికి సంకరం చేస్తే సంతానం కలుగుతుందా లేదా అన్నదే పరీక్ష. నిర్వచనానికి లొంగనిదాన్ని నిర్వచించబోవడం వల్లే ఇదంతా అని తేల్చేస్తాడు. "జాతిని నిర్వచించుము" అని ఐదు మార్కుల ప్రశ్నకు అలవాటుపడ్డ పిల్లలు ఇది విని ఒక్క నిమిషం మాట్లాడరు.

నేను ఎక్కువసార్లు తెరిచింది మాత్రం 1857 జూలై పేజీలే. పెద్ద ప్రజాతుల్లోని జాతులకు రకాలు ఎక్కువగా ఉంటాయా అని డార్విన్ చాలా ప్రాంతాల వృక్ష గ్రంథాలు ముందేసుకుని లెక్కలు కడుతున్నాడు. రకాలే మెల్లగా కొత్త జాతులవుతాయన్నది అతని ఆలోచన, అందుకే ఎక్కువ ఉండాలని కోరిక. పక్కింటి కుర్రాడు జాన్ లబ్బక్, ఇరవై మూడేళ్లవాడు, లెక్క కట్టే పద్ధతిలోనే తప్పుందని చూపించాడు. రెండు మూడు వారాల పని వృథా. జూలై 14న డార్విన్ హుకర్‌కు రాసిన ఉత్తరం చదువుతుంటే మనకే టెన్షన్ వస్తుంది. తన గుడ్డితనానికి ఏడుపొస్తోందంటాడు, తన కన్నా తెలివితక్కువవాడు ఇంగ్లండ్‌లోనే లేడన్నట్టు తనను తాను తిట్టుకుంటాడు. ఆ వెంటనే, మధ్య ఫ్రాన్స్ వృక్షాల మీద బొరో రాసిన పుస్తకం ఉంటే దయచేసి వెంటనే పంపమని బతిమాలతాడు, లెక్క మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి కదా.

లబ్బక్ చెప్పినట్టే న్యూజీలాండ్ మొక్కల్ని రెండు భాగాలు చేశాడు. నాలుగు, అంతకన్నా ఎక్కువ జాతులున్న ప్రజాతుల్లో 339 జాతులు. మూడు, అంతకు తక్కువ ఉన్నవాటిలో 323. మొదటి భాగంలో 51 జాతులకు రకాలున్నాయి, రెండో భాగంలో 37కే. ఇది బోర్డు మీద రాసి పిల్లల చేతే చేయిస్తాను. 51ని 323తో గుణించి 339తో భాగించండి. 48న్నర వస్తుంది. రెండు భాగాలూ సమానమైతే రెండోదాంట్లో 48న్నర ఉండాలి, ఉన్నవి 37. తాను కోరుకున్న వైపే మొగ్గుతోంది. అయినా ఇంత కొద్ది తేడాను నమ్మలేను, మిగతా చోట్లా ఇలాగే ఉంటే తప్ప, అని లబ్బక్‌కు రాశాడు. ఆ మాట రాసినందుకు డార్విన్ మీద నాకు గౌరవం పెరిగింది.

ఆగస్టు 1న హుకర్‌కు మరో ఉత్తరం. జాతుల్ని చీల్చుకుంటూ పోయేవాళ్లూ ఉండాలి, ముద్దచేసి కలిపేసేవాళ్లూ ఉండాలి అంటాడు. మన బెంథామ్ ఈ రెండో రకం. రూపాలు బాగా మారిపోయే కొన్ని బ్రిటిష్ ప్రజాతుల్లో బాబింగ్టన్ అనే మరో వృక్షశాస్త్రవేత్త 251 జాతులు చూపిస్తే, బెంథామ్ 112తో సరిపెట్టాడు. ఈ అంకెలు 1859 నాటి డార్విన్ పుస్తకం 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్'లో ఉన్నాయి. మొక్కలు అవే, దేశమూ అదే, తేడా 139.

నాలుగేళ్ల క్రితం ఫీల్డ్ ట్రిప్‌లో చేలగట్టు మీద తుమ్మి దొరికింది. పుష్పపుచ్ఛాలు (పూల కింద ఉండే చిన్న ఆకుల్లాంటివి) సన్నగా గీతల్లా ఉంటే ల్యూకాస్ ఆస్పెరా, వెడల్పుగా ఉంటే పెద్దతుమ్మి, ల్యూకాస్ సెఫలోటిస్. ఒకమ్మాయి తెచ్చిన కొమ్మ మీద అవి అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. "మేడమ్, ఏ పేరు రాయమంటారు?" అంది. ఇదివరకైతే ఏదో ఒకటి రాయించేసేదాన్ని, రికార్డు పూర్తవ్వాలి కాబట్టి. ఆ రోజు లేబుల్ మీద ప్రజాతి పేరు ల్యూకాస్ అని పెన్నుతో, జాతి పేరు పెన్సిల్‌తో రాయించాను. ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి పక్కన వేసింది.

పుస్తకంలో ఇబ్బందులూ ఉన్నాయి. డార్విన్ తనకొచ్చిన ఉత్తరాల్లోంచి అవసరమైన ముక్క కత్తిరించి దాచుకునేవాడు. అందుకే అవతలివాళ్ల ఉత్తరాలు కొన్ని సగమే మిగిలాయి, వాదన మధ్యలో తెగిపోతుంది. చాలా వాటి మీద అతను సంవత్సరం వెయ్యలేదు. చదరపు బ్రాకెట్లలో ఉన్నది సంపాదకులు తేల్చిన తేదీ. నేను మొదట్లో ఇది పట్టించుకోక ఒక క్లాసులో తారీఖు తప్పు చెప్పాను. మొక్కల పేర్లన్నీ లాటిన్‌లో ఉంటాయి కాబట్టి వర్గీకరణ కొంతైనా తెలియనివారికి కష్టం. ఉత్తరాల కింద డార్విన్ పెన్సిల్ గీతల వివరాలు కూడా ఇస్తారు. ఏ వాక్యం దగ్గర ఆగాడో తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

అమెరికాలోని వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు 1857 సెప్టెంబర్ 5న రాసిన ఉత్తరం కూడా ఈ సంపుటిలోనిదే. మరుసటి ఏడాది జూలై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అనే శాస్త్రజ్ఞుల సంఘంలో డార్విన్, వాలెస్‌ల పరిణామ సిద్ధాంతం గురించి చదివిన వాటిలో అందులోని భాగం ఒకటి. ఈ ఒక్కదాని కోసం పుస్తకం కొనక్కర్లేదు, ఉత్తరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. విద్యార్థులకు నేను అదే చెప్తాను. వర్గీకరణ పాఠం చెప్పే లెక్చరర్లకు మాత్రం ఈ సంపుటి ఒకటి కాలేజీ లైబ్రరీకి తెప్పించుకోమంటాను.

ఆ తుమ్మి కొమ్మను ఎండబెట్టి అంటించిన షీటు ఇంకా బీరువాలోనే ఉంది. ఈ వినాయక చవితి ముందు అదే గట్టు మీదికి వెళ్లి మరో పది మొక్కలు కొలవాలనుకుంటున్నాం.