పీఎస్5: డిస్క్ ఉన్నదా, డిజిటలా? ఏది మేలు?

గుంటూరులో ఉండే మా అక్క కొడుకు ఆమధ్య ఫోన్ చేశాడు. టీవీకి పెట్టుకుని గేమ్‌లు ఆడే సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 5, అదే పీఎస్5, కొనాలట. దాంట్లో రెండు రకాలు: గేమ్ డిస్కులు పెట్టే డ్రైవ్ ఉన్నది ఒకటి, డ్రైవ్ లేకుండా గేమ్‌లు నెట్‌లో కొని దించుకునే డిజిటల్ ఎడిషన్ ఇంకోటి. "మావయ్యా, డిజిటల్ ఎడిషన్ అయితే పది వేలు తక్కువ. అమ్మ అదే తీసుకోమంటోంది" అన్నాడు. కాస్త ఆగమన్నాను. కొనే రోజున చేతిలో ఉండే ఆ పది వేలు తర్వాత గేమ్‌ల మీదే పోతాయి. వాడికి నేను చెప్పింది డిస్క్ మోడలే.

ముందు ధర సంగతి. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 మన దేశానికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 49,990, డిజిటల్ 39,990. 2022 నవంబరులో రెండింటి మీదా ఐదేసి వేలు పెంచారు. 2024 ఏప్రిల్‌లో కాస్త చిన్నదైన స్లిమ్ మోడల్ వచ్చినా ధరలు అవే 54,990, 44,990. ఇంకో ఏడాది ఆగితే తగ్గుతుందని ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల ఆశలో తప్పు లేదు, పాత కన్సోళ్లు అలాగే తగ్గాయి మరి. అమెరికాలో పీఎస్2 2000లో 299 డాలర్లకు వచ్చి, 2009కల్లా 99కి దిగింది. పీఎస్5 మాత్రం 2020లో 499 డాలర్లు, 2025 ఆగస్టులో 549.

దీనికి పెద్ద కారణం చిప్. అప్పట్లో అదే చిప్‌ను కొన్నేళ్లకోసారి ఇంకా చిన్నగా చేసేవాళ్లు. ఒకే సిలికాన్ పలక మీద ఎక్కువ చిప్‌లు దిగేవి, ఒక్కోదాని ఖర్చు పడిపోయేది. ఇప్పుడు చిన్నగా చేయడానికే బోలెడు ఖర్చు, అందుకే ఆ ఆదా పెద్దగా మిగలడం లేదు. మన దగ్గర దిగుమతి సుంకం, జీఎస్టీ, డాలర్ రేటు దీనికి అదనం.

ఇక కంపెనీకి లాభం ఎక్కడుందో చూడాలి. 499 డాలర్ల డిస్క్ మోడల్ మీద ఇక నష్టం లేదని సోనీ 2021 ఆగస్టులో చెప్పింది. డిజిటల్ మోడల్ మీద వచ్చే నష్టాన్ని మాత్రం కంట్రోలర్ల లాంటి సామాన్లు, పీఎస్4 అమ్మకాలతో పూడ్చుకుంటున్నామంది. లోపలి చిప్ రెండింటిలో ఒకటే. మరి నష్టపోయి ఎందుకు అమ్మడం? డిజిటల్ కొన్న ఇంట్లో, స్లిమ్‌కు విడిగా డ్రైవ్ కొని తగిలిస్తే తప్ప, డిస్క్ పెట్టే దారి లేదు, గేమ్ ఏదైనా సోనీ ఆన్‌లైన్ దుకాణం ప్లేస్టేషన్ స్టోర్ నుంచే రావాలి. బయటి కంపెనీ గేమ్ అక్కడ అమ్ముడైనా దాదాపు 30 శాతం సోనీకి వెళ్తుంది. అదే ఒక డిస్క్ నలుగురి చేతులు మారితే, ఆ తర్వాతి ముగ్గురి నుంచి సోనీకి రూపాయి కూడా రాదు. డిజిటల్ మోడల్‌లో మనం వదులుకునేది సరిగ్గా దీన్నే.

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొన్నవాళ్లకు ఈ లెక్క ఇట్టే తెలుస్తుంది. ఇంజనీరింగ్‌లో నేను సగం ధరకు పుస్తకం కొని, పరీక్షలవగానే అక్కడే ఇచ్చేసేవాడిని. డిస్క్ కూడా అంతే. పోయిన వేసవిలో గవర్నర్‌పేటలోని ఒక చిన్న షాపులో, కొత్తదైతే 4,999 పెట్టాల్సిన గేమ్ డిస్క్ 2,400కు దొరికింది. నెలన్నర ఆడి, పటమటలో ఒక కుర్రాడికి 1,900కు అమ్మాను. నాకు పడింది ఐదు వందలు. ప్రతిసారీ ఇంత బాగా కుదరదు. గేమ్‌కు రెండు వేల చొప్పున మిగిలినా, ఐదు గేమ్‌లకు ఆ పది వేలు తిరిగొచ్చేస్తాయి. ఆరో గేమ్ నుంచి మిగిలేదంతా మనదే.

డిజిటల్‌కు మంచి లేదనను. స్టోర్‌లో పెద్ద సేల్స్ వస్తాయి, పాత గేమ్‌లు సగం ధరకూ అంతకంటే తక్కువకూ దొరుకుతాయి. కొత్త గేమ్ కోసం తొందరపడని మనిషికి అది చాలు. కొన్ని గేమ్‌లు అసలు డిస్క్ మీద రావడమే లేదు. ఎప్పుడూ ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమే ఆడే పిల్లాడికైతే నేనూ డిజిటలే చెబుతాను, వాడికి డ్రైవ్‌తో పనే ఉండదు.

మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ వచ్చినప్పుడు ఇంకా చవక, 2020లో ఇక్కడ 34,990. కానీ దానికీ డ్రైవ్ లేదు కాబట్టి ఇదే చిక్కు. నింటెండో కంపెనీ తన కన్సోళ్లను ఇక్కడ అధికారికంగా అమ్మడం లేదు. బయటి నుంచి తెప్పించినదానికి వారంటీ టెన్షన్ ఉంటుంది, నేనైతే దాని జోలికి వెళ్లను.

అక్కకు ఈ లెక్కంతా కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపాను. "పాత డిస్కులు పాడైపోయి ఉంటే ఎలా తమ్ముడూ?" అని అడిగింది. మంచి ప్రశ్నే. డిస్క్ వెనక వైపు లైట్ కింద వాల్చి చూడాలి. సన్నటి గీతలు పర్లేదు, గోటికి తగిలే గీత ఉంటే వద్దనాలి. పెట్టెలో గేమ్‌కు అదనపు సరుకు ఇచ్చే, ఒక్కసారే పనిచేసే కోడ్ ఉన్న కాగితం ఉంటే దాన్ని ఎవరో ఒకరు వాడేసి ఉంటారు, దానికి డబ్బు ఇవ్వొద్దు. కుదిరితే షాపులోనే కన్సోల్‌లో పెట్టించి, గేమ్ మొదలయ్యేదాకా చూశాకే డబ్బివ్వాలి.