అరండల్‌పేట బైండింగ్ షాపు, మా 1977 మెస్ రిజిస్టరు

గుంటూరులో పాత పుస్తకాలకు చేత్తో కుట్టు వేసే బైండరు ఇంకా ఎవరైనా ఉన్నారా అని నెలల తరబడి అడిగాను. అరండల్‌పేట లైన్లలో ఒకాయన ఉన్నారు. నాలాగే వెతుకుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

నేనిచ్చింది మెస్ రిజిస్టరు. 1977లో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చేరాను. 1967 నుంచి నల్లపాడులో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరుగా నడిచింది, నేను చేరడానికి ఏడాది ముందు, 1976లో, సొంతంగా యూనివర్సిటీ అయింది. మాలో చాలామంది నోట ఇంకా 'పీజీ సెంటరే'. మా మెస్ డివైడింగ్ సిస్టమ్. బియ్యం, కట్టెలు, కూరగాయలు, వంటవాళ్ల జీతం అన్నీ కూడి, అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజు రేటు తేలేది. ఎవరెన్నాళ్లు తింటే అంత. ఆ లెక్క రాసే సెక్రటరీని మేమే ఎన్నుకునేవాళ్లం. ఆ ఏడు నన్ను ఎన్నుకున్నారు.

రిజిస్టర్లో నవంబరు పేజీ ఉంది. 19న దివిసీమ ఉప్పెన. 20వ తేదీ నుంచి అవనిగడ్డ వైపు కుర్రాళ్ల పేర్ల ఎదురుగా వరసగా సున్నాలు. ఒకతని పేరు డిసెంబరు పేజీలో లేదు, చదువు మానేశాడు. నవంబరు పేజీ కుడి అంచున, కాగితం చివరాఖరున, నా పెన్సిల్ రాత: 'ఇతని బాకీ అడగరాదు'. కింద కమిటీలో ఐదుగురి పొట్టి సంతకాలు.

నా భయమంతా ఆ అంచు గురించే. ఇరవై ఏళ్ల క్రితం వేరే షాపులో నా డిజర్టేషన్ బైండింగుకిస్తే మిషన్లో పెట్టి మూడు వైపులా కోసేశారు. మా గైడ్ గారు అంచుల్లో రాసిన మాటలన్నీ సగం సగం మిగిలాయి. ఇప్పుడు ఆయన లేరు.

ఈ బైండరు రిజిస్టరు తీసుకోగానే రేటు చెప్పలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కో పేజీ తిప్పారు. నవంబరు దగ్గర ఆగి, కళ్లజోడు పైకి నెట్టి చదివారు. "ఇది కటింగుకి పెడితే పోద్ది మాస్టారూ. కొయ్యను. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పర్లేదా?" అన్నారు. నాకు కావలసిన మాట అదే.

పని దగ్గరుండి చూశాను. తుప్పు పట్టిన పిన్నుల్ని బ్లేడు మొనతో లేపి, ఒక్కోటీ పట్టకారుతో లాగారు. చిరిగినచోట పల్చటి కాగితం అతికించారు. మైదా పిండి జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపారు. దారానికి కొవ్వొత్తి రాసి, పొరపొరగా కుట్టి, వీపుకి కాలికో అనే నూలు గుడ్డ వేశారు. రిజిస్టరు ఇప్పుడు ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద చదునుగా పడుకుంటుంది. జనవరి పేజీ మీది నెయ్యి మరకను అలాగే ఉంచమన్నాను, ఉంచారు.

ఒక్కటే ఇబ్బంది. ఎనిమిది రోజులన్నది మూడు వారాలైంది. ఫోను చేసి చెప్పరు, మనమే వెళ్లి అడగాలి. స్కూళ్లు తెరిచే జూన్‌లో అసలు ఇవ్వకండి, నోటు పుస్తకాల పని మీద పడి ఉంటుంది. 700 తీసుకున్నారు, సగం అడ్వాన్సు. ఈ చేతిపనికి ఎక్కువ అనిపించలేదు. రెక్సిన్ వద్దని, కాలికోనే కావాలని ముందే చెప్పండి.

వచ్చే నెల డిజర్టేషన్ కూడా ఆయనకే ఇస్తున్నాను. కోసేసిన అంచు తిరిగి రాదు గానీ, ఊడిపోతున్న పేజీలైనా నిలుస్తాయి.