పాస్‌పోర్టు ‘చిప్ లాక్’ అని డబ్బులు అడిగితే ఇవ్వకండి, గల్ఫ్ వెళ్లేవాళ్లు తప్పకుండా చదవండి

నిన్న సాయంత్రం గొడవ పడి వచ్చాను, ఇంకా ఒళ్లు మండిపోతోంది, రాతలో తప్పులుంటే సర్దుకోండి. రాజోలు వైపు వాళ్లకి ఆ షాపు తెలిసే ఉంటుంది. జిరాక్సులు, ఫ్లైట్ టికెట్లు, పాస్‌పోర్టు అప్లికేషన్లు అన్నీ ఒక్కచోటే చేస్తాడు, గల్ఫ్ వెళ్లే మనవాళ్లు చాలామంది అక్కడికే పోతారు. పేరు రాయను.

మస్కట్‌లో చెల్లి డెలివరీకి అమ్మ వెళ్లాలి. పాస్‌పోర్టు పోయిన వారమే పోస్టులో వచ్చింది, అట్ట మీద కింద బంగారు రంగులో చిన్న గుర్తు ఉంటుందే, ఆ చిప్ ఉన్న కొత్త రకం. టికెట్ ప్రింటు తీయించుకుందామని మొన్న అమ్మ ఒక్కతే ఆ షాపుకెళ్లింది. నేను తోడు వెళ్లాల్సింది. చెరువు పట్టుబడి, లారీ వచ్చేసింది అని అమ్మని ఆటో ఎక్కించి పంపించేశాను. తప్పు నాదే, రెండు రోజుల నుంచి అదే తలుచుకుంటున్నా.

అతను పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని, “పెద్దమ్మగారూ, ఇది చిప్ పాస్‌పోర్టండి, లాక్ చేయించారా?” అన్నాడంట. “లాకేంటి బాబూ” అంది అమ్మ. తన ఫోన్ తీసి పాస్‌పోర్టుకి ఆనించాడు, టింగుమని మోగింది. “చూశారాండి, బస్సులో పక్కన కూర్చున్నోడు మీ సంచీకి ఫోన్ ఆనిస్తే చాలు, మీ వివరాలన్నీ లాగేస్తాడు, మీ పేరు మీద ఇంకొకళ్లు మస్కట్‌లో దిగిపోతారు, అప్పుడు మిమ్మల్ని ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు” అన్నాడు. మొదటిసారి విమానం ఎక్కబోయే మనిషికి ఆ మాట చెప్తే ఎలా ఉంటుంది? చిప్ లాక్ రిజిస్ట్రేషన్ అని 1,500, లోపల రేకు పొర ఉన్న కవరు అని 900, మొత్తం 2,400 తీసుకున్నాడు. కొబ్బరి దింపు డబ్బులు అవి, చెల్లికి ఏదైనా కొనిపెడదామని అమ్మ దాచుకున్నవి.

అంతటితో ఆగినా డబ్బులే కదా పోయింది అనుకునేవాణ్ణి. రిజిస్ట్రేషన్‌కి కావాలి అని పాస్‌పోర్టు తెరిచి, ఫోటో ఉన్న పేజీ, కింద ఆ రెండు లైన్ల అక్షరాలూ అంకెలూ ఉంటాయి కదా, అది మొత్తం తన సొంత ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. అమ్మ పేజీ కదలకుండా రెండు చేతులతో పట్టుకుందంట. ఇది చెప్తున్నప్పుడు కూడా అమ్మకి అందులో తప్పేముందో తెలీదు.

భీమవరంలో ఇంజనీరింగ్ చదివే మా బాబాయి కూతురు నిన్న ఇంటికొచ్చింది. విషయం విని ముందు తన ఏటీఎం కార్డుకి ఫోన్ ఆనించింది, అదీ టింగుమంది. చిప్ ఉన్న ఏది దగ్గర పెట్టినా ఫోన్ అలాగే మోగుతుంది అన్నయ్యా, మోగినంత మాత్రాన లోపలిది చదివేసినట్టు కాదు అంది. పాస్‌పోర్టు చిప్ చదివే యాప్ ఒకటి వేసి చూపించింది. ముందు పేజీ కింద ఉన్న లైన్లు చూపించమంది ఆ యాప్. చూపించకపోతే ఒక్క ముక్క రాలేదు, చూపించి ఆనిస్తే అమ్మ ఫోటో స్క్రీన్ మీదకి వచ్చింది. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, ఈ మూడూ కలిపితేనే చిప్‌కి తాళంచెవి అంట. అంటే చిప్‌కి లాకు ముందే ఉంది. అతను లాక్ వేస్తానని డబ్బులు తీసుకుని, ఆ తాళంచెవినే ఫోటో తీసుకుపోయాడు!

చిప్ గురించి భయం ఉత్తదేం కాదు, అది కూడా చెప్పింది. అమెరికా వాళ్లు మొదట ఈ తాళం లేకుండానే చిప్ పెడదామనుకుంటే జనం గొడవ చేశారంట, అప్పుడు తాళమూ పెట్టి, అట్టలో లోహపు పొరా వేసి 2006లో ఇచ్చారంట. అదే ఏడాది లూకాస్ గ్రున్‌వాల్డ్ అని జర్మనీ ఆయన తన పాస్‌పోర్టు చిప్‌లో ఉన్నది ఇంకో చిప్‌లోకి కాపీ చేసి లాస్ వేగాస్‌లో అందరి ముందూ చూపించాడు. కాపీ చేయగలిగాడు కానీ, పేరో ఫోటోనో మారిస్తే ప్రభుత్వం వేసిన డిజిటల్ సంతకం తేడా కొట్టేస్తుంది. పైగా ఈ చిప్ పలకాలంటే నాలుగు వేళ్ల దూరంలో ఫోన్ ఉండాలి.

ఇక ఆ 900 కవరు. పాస్‌పోర్టు అందులో పెట్టి ఫోన్ ఆనిస్తే మళ్లీ టింగుమంది. నాకు ఒళ్లు మండి బ్లేడుతో కుట్టు కోసి చూశాను. పైన నల్ల రెగ్జిను, లోపల అట్ట, పల్చటి స్పాంజి. రేకు లేదు, ఏమీ లేదు. బాబాయి కూతురు వంటింట్లోంచి చపాతీలు చుట్టే ఫాయిల్ తెచ్చి పాస్‌పోర్టు చుట్టింది, అప్పుడు ఫోన్ నోరెత్తలేదు.

చిప్ లాక్ రిజిస్ట్రేషన్ అనేదే లేదండి. పాస్‌పోర్టుకి అప్లై చేసేటప్పుడు 36 పేజీల దానికి 1,500 కట్టేశాం, చిప్ అందులోనే వస్తుంది. చిప్ లేని పాత పాస్‌పోర్టులు కూడా గడువు దాకా చెల్లుతాయి, వాటికీ ఏదో మార్పించాలని ఇతను చెప్తున్నాడంట.

బండి వేసుకుని వెళ్లాను. డబ్బులు తర్వాత, ముందు ఆ ఫోటో తీసెయ్యండి అని మర్యాదగానే అడిగాను. కుర్చీలోంచి లేవలేదు. నలుగురు కస్టమర్ల ముందు, “ఊళ్లో సగం మంది పాస్‌పోర్టు ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి, ఎవరూ ఏడవలేదు, మీ అమ్మదేమన్నా వజ్రమా?” అన్నాడు. మా అమ్మని ఆ మాట అన్నాడు. మొన్న డబ్బులు తీసుకునేటప్పుడు పెద్దమ్మగారు, నిన్న మీ అమ్మ. నాకు నోట మాట రాలేదు, చేతులు వణికాయి. ఫోటో తీసెయ్యలేదు, డబ్బులూ ఇవ్వలేదు. రసీదు అడిగితే అలాంటివి ఇవ్వమన్నాడు. అక్కడున్న ఒక పెద్దాయన మాత్రం తన పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోయారు.

ఇంటికొస్తే అమ్మ, “పోనీలే నాన్నా, వాడితో మనకెందుకు” అంటోంది. కవరు కోసినందుకు బాధపడుతోంది, పాపం, ఇంకా అది పనికొస్తుందనే అనుకుంటోంది.

చెప్పడం మర్చిపోయాను, జిరాక్స్ కావాలంటే మీ కళ్ల ముందే తీయించుకోండి, సొంత ఫోన్లో ఎవర్నీ ఫోటో తీయనివ్వకండి, వాట్సాప్‌లో పంపమన్నా పంపకండి. ఇంట్లో పెద్దవాళ్లని ఇలాంటి పనులకి ఒంటరిగా పంపకండి. రేపు పొద్దున స్టేషన్‌లో కంప్లైంట్ ఇద్దామని వెళ్తున్నాను, అక్కడ ఇదే లాక్‌కి డబ్బులు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, నలుగురం కలిసి వెళ్దాం.